బోర్డు మీది గాంధిమతి

కోవిల్‌పట్టి బస్టాండు ఎదుట గాంధిమతి మొహం రెండు నిలువుల ఎత్తున వేలాడుతోంది. పక్కనే తమిళంలో, రోడ్డు అవతలికి కూడా కనబడేంత అక్షరాలు: "తొంభై రోజుల్లో నా భర్త తాగుడు మానేశాడు. మీవారూ మానేస్తారు." ఆ బోర్డు కట్టేనాటికి ఆమె భర్త చెల్లయ్య విరుదునగర్‌లోని ఆ సెంటర్లో చేరి పన్నెండు రోజులు. అబద్ధమాడేవాడు వేళ్ళయినా మడిచి చూసుకోవాలి కదా. వీళ్ళకు ఆపాటి ఓపిక కూడా లేకపోయింది.

మొదట్లో గాంధిమతి మురిసిపోయింది, దాచడమెందుకు. అగ్గిపెట్టెల కంపెనీలో పదిహేనేళ్ళుగా తల వంచుకుని పుల్లలు పేర్చే మనిషి. ఇప్పుడు బస్సు కండక్టరు కూడా "స్టార్ వచ్చింది, చోటివ్వండి" అంటున్నాడు. బోర్డులో మాట లోపల ఓ మూల గుచ్చుకుంటూనే ఉంది. రేపోమాపో నిజమవుతుందిలే అని సర్దిచెప్పుకుంది.

ఎందుకంటే తొంభై రోజుల లెక్క వాళ్ళదే అయినా, బాగయ్యాడన్న మాట ఆమె నోటిదే. తమిళనాట పుట్టి పెరిగినా ఇంట్లో తెలుగే మాట్లాడుకునే వాళ్ళ ఇళ్ళలో ఒక అలవాటుంది. రోగి వైద్యానికి గడప దాటుతుంటే, ఇంటి ఇల్లాలు వెనక నిలబడి, అప్పుడే నయమై తిరిగొచ్చినవాణ్ణి పలకరించినట్టు "బాగై వస్తివి, లోనికి దా" అనాలి. మంచి ముందే పలికితే వెంట వస్తుందని నమ్మకం. అత్త వేలమ్మాళ్ ఆరోజు దగ్గరుండి అనిపించింది. సెంటర్లో తెల్లకోటు వేసుకున్న శివరామన్ సెల్‌ఫోను ఎదుట పట్టి "అమ్మా, మంచి మాట ఒకటి చెప్పండి" అన్నప్పుడు ఆమె నాలుక అదే దారిలో నడిచింది. "మా ఆయన బాగైపోయాడు, మునుపటి మనిషైపోయాడు, వీళ్ళు దేవుళ్ళు" అని కళ్ళు తుడుచుకుంటూ తమిళంలో చెప్పేసింది. భర్త చెప్పులింకా ఆ గుమ్మం దగ్గరే ఉన్నాయి.

మునుపటి మనిషంటే, చెల్లయ్య పల్లీమిఠాయి పాకం పట్టేవాడు. ఊళ్ళో అతనికి సాటి లేరని పేరు. మరుగుతున్న బెల్లం రంగు చూసి, నీళ్ళలో ఒక బొట్టు వదిలి, ఇప్పుడు దించండి అంటే దించాల్సిందే. తాగుడు ముదిరి చేయి వణకడం మొదలయ్యాక ఒకరోజు గరిటె జారింది, పాకం మాడింది, యజమాని ఇంటికి పొమ్మన్నాడు. ఆ తర్వాతే ఫోనులో ఈ సెంటరు వీడియో వచ్చింది. మామిడితోట, ఊయల, యోగా, పెద్ద డాక్టరు. చేర్చిననాడు తోట వెనక ఉందని చెప్పి గేటు పక్క గది దాటి రానివ్వలేదు. మూడు నెలలు మనిషిని చూడకూడదు, అదొక్కటే నియమం అన్నారు. నమ్మింది.

నలభయ్యో రోజున ఒట్టపిడారం నుంచి మారిసెల్వి అని ఒకామె, బోర్డు మీది మనిషి ఎవరని బస్టాండులో అడిగి, అగ్గిపెట్టెల కంపెనీ వెతుక్కుంటూ వచ్చింది. గాంధిమతిని చూడగానే గుర్తుపట్టింది.

"నీ మొగము సూసే మా తమ్ముడు పాండిని ఆడ సేర్చితిని అక్కా. ఇంత నిజముగా ఏడ్సేది అబద్దము సెప్పదు అనుకొంటిని."

"ఏమైంది పాపా?"

"మొన్న పోతిని. కూరగాయల బండి కోసము గేటు తెరిసి ఉండె. లోనికి సూస్తే వాని కాళ్ళకు గొలుసు ఉండాది. డాక్టరూ లేడు, తోటా లేదు. నీ ఇంటాయనకు కూడా ఇట్లే సేసిరా అక్కా? ఎట్ల బాగాయె?"

గాంధిమతికి తల కొట్టేసినట్టయింది. ఎట్లా బాగయ్యాడని అడుగుతోంది, బాగవని మనిషి గురించి. భర్తను అక్కడ పెట్టింది తను. ఈమె తమ్ముణ్ణి పెట్టిందీ తనే, తన మొహం. ఇంకా ఎందరిని పెట్టిందో.

"ఆయప్ప ఇంకా లోనే ఉండాడు పాపా," అంది. చెప్పడానికి సిగ్గేసింది, అయినా చెప్పింది. "రేపు పొద్దున నువ్వూ దా. పిలుచుకోని వస్తాము."

మర్నాడు ఇద్దరూ విరుదునగర్ బస్సెక్కారు. సెంటరు ఊరి చివర, మూతపడిన పప్పు గోడౌను మేడమీద. గేటు పక్కన, మేడ కిటికీలకు అడ్డంగా, మళ్ళీ గాంధిమతి బోర్డు. వాచ్‌మన్ గేటు తీయనన్నాడు. శివరామన్ తెల్లకోటులో కిందికొచ్చి నవ్వాడు. బయటివాళ్ళతో వాళ్ళ మాట తమిళమే కాబట్టి తమిళంలోనే అడిగింది.

"మా ఆయన్ని చూపించండి."

"చూస్తే వైద్యం చెడిపోతుందమ్మా. ఇంకో యాభై రోజులు ఓపిక పట్టండి. యోగా బాగా చేస్తున్నారు."

అని తిరిగి మేడెక్కిపోయాడు. మారిసెల్వి ఏడుపు మొదలుపెట్టింది. గాంధిమతికి మాత్రం ఒళ్ళు మండింది. పదిహేనేళ్ళు వంచిన తలేమో, ఎత్తేసరికి ఎదురుగా తన మొహమే కనబడింది. కాసేపు దాన్నే చూసింది. తర్వాత చీర కుచ్చిళ్ళు దోపుకుని వెళ్ళి, సరిగ్గా ఆ బొమ్మ కిందే బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

తొమ్మిదిన్నరకు ఒక ఆటో ఆగింది. వత్రాప్ నుంచి ఒక ముసలి తండ్రి, తూలుతున్న కొడుకుని పట్టుకుని దిగాడు. గేటు వైపు నడుస్తూ బోర్డు చూశాడు, కింద కూర్చున్న మనిషిని చూశాడు, మళ్ళీ బోర్డు చూశాడు.

"అవునయ్యా, నేనే," అంది గాంధిమతి. "ఆ మాట నేను చేర్పించిన రోజే చెప్పాను. మా ఆయన ఇంకా లోపలే ఉన్నాడు. బాగయ్యాడో లేదో నాకే తెలీదు. ఆగండి, ఇద్దరం కలిసి తెలుసుకుందాం."

ముసలాయన తన ఫోనులో సెంటరు వీడియో తీసి చూపించాడు. అందులో తోటను చూసి ఆటోడ్రైవరే పెద్దగా నవ్వాడు. అది వత్రాప్‌లో ఆ డ్రైవరు వాళ్ళ వీధి చివరి మామిడితోపట. కొడుకుని ఆటోలో కూర్చోబెట్టి ముసలాయన కూడా వచ్చి కింద చతికిలబడ్డాడు. పదకొండయ్యేసరికి మరో మూడు కుటుంబాలు. తమ్ముణ్ణి చేర్చిననాడు పరిచయమైన, లోపల మనుషులున్నవాళ్ళకు మారిసెల్వి ఫోన్లు చేస్తే సాత్తూరు నుంచి ఇద్దరు, తిరుత్తంగల్ నుంచి ప్రెస్సు సిరా చేతులతోనే ఒకాయన దిగారు. ఎవరొచ్చినా గాంధిమతి అదే మాట, ఒక్క అక్షరం మార్చకుండా చెప్పింది. అందరూ ఆమె మొహం చూసి వచ్చినవాళ్ళే, ఆమె మొహం చూసే ఆగిపోయారు.

శివరామన్ మళ్ళీ వచ్చాడు. ఈసారి గొంతు తగ్గించాడు. "మీ ఆయన్ని పంపించేస్తాను. వెనక గేటు నుంచి తీసుకెళ్ళిపోండి. ఇక్కడ మాత్రం కూర్చోకండి."

ఆమెకు కావలసింది అదే. నలభై రోజులుగా అదే. లేచి నిలబడబోయింది కూడా. పక్కన మారిసెల్వి తల దించుకుంది. ఆ తల దించుకోవడం చూశాక గాంధిమతి మళ్ళీ కూర్చుండిపోయింది.

"ముందు గేటునుంచి పంపించండి. అందర్నీ," అంది.

ఇక లాభం లేదని శివరామన్ తనే పోలీసులకు ఫోను కొట్టాడు, ఎవరో ఆడమనిషి వ్యాపారం పాడుచేస్తోందని. అతను చేసిన ఒకే ఒక్క మంచి పని అది. జీపు దిగిన ఇన్‌స్పెక్టరు జోతి మాట తక్కువ మనిషి. నడుం మీద చేతులు పెట్టుకుని బోర్డు మొత్తం చదివింది.

"ఇది మీరేనా?"

"నేనే మేడం."

"తొంభై రోజుల్లో మానేశాడని ఉంది. చేర్చి ఎన్నాళ్ళయింది?"

"నలభయ్యొక్క రోజు."

ఇన్‌స్పెక్టరు శివరామన్ వైపు తిరిగింది. "బాగైన మనిషిని లోపల పెట్టి తాళమెందుకు వేశారు? బాగవకపోతే ఈ బోర్డెందుకు కట్టారు?"

శివరామన్‌ను లైసెన్సు అడిగితే ఊళ్ళో ఉందన్నాడు. డాక్టరు చదువు ఎక్కడంటే కోటు గుండీలు తడుముకున్నాడు. మందుల షాపులో బిల్లులు రాసేవాడని అప్పుడు తేలింది. జోతి ప్రభుత్వాసుపత్రికీ కలెక్టరాఫీసుకీ ఫోన్లు చేసి, వాచ్‌మన్ నడుం నుంచి తాళాల గుత్తి తీసుకుంది.

మెట్ల మీదినుంచి ముప్పయ్యొక్క మంది దిగారు. రెండు గదుల్లో ముప్పయ్యొక్క మంది. యోగా అంటే వంటా, ఊడవడమూ. వెలుతురు చూసి కళ్ళు చికిలించుకుంటూ ఒక్కొక్కరూ గేటు దాటుతుంటే బయట జనం తమవాళ్ళ పేర్లు పిలుస్తున్నారు. మారిసెల్వి పాండిని రెండు చేతులా వాటేసుకుంది. చెల్లయ్య చివర్లో వచ్చాడు. చొక్కా కొంకీకి తగిలించినట్టుంది, చీలమండల చుట్టూ నల్లగా కదుములు.

"మేడ మీద కిటికీకి నీ బోర్డు ఎనకతట్టు కనబడతా ఉండె," అన్నాడు. "ఎండ పడితే నీ మొగము తిరగబడి తెలుస్తా ఉండె. నేను బాగైతినని నువ్వే సెప్పితివంట. ఇంక రావేమో అనుకొంటిని."

గాంధిమతి అక్కడే, నలుగురి ముందూ భోరున ఏడ్చింది. సిగ్గుతో ఏడ్చింది, సంతోషంతో ఏడ్చింది. ఆ ఏడుపును మాత్రం ఎవరూ వీడియో తీయలేదు.

ఇంటికి చేరేసరికి వేలమ్మాళ్ గడపలో ఎదురు చూస్తోంది. కొడుకుని ఒళ్ళంతా తడిమి చూసుకుంది. కోడల్ని మోచేత్తో పొడిచింది. "నిలబడి సూస్తావేమే, ఆ మాట సెప్పు."

"నిజమైనాక సెప్తాను అత్తా. ముందే సెప్పింది సాలును."

వేలమ్మాళ్‌కు కోపమొచ్చింది, రెండు రోజులు మాట్లాడలేదు. గాంధిమతి పట్టించుకోలేదు. శివరామన్ మీద కేసు పెట్టారు, సెంటరుకు సీలు వేశారు. కోవిల్‌పట్టి బోర్డును ఆమె తనే నిచ్చెనెక్కి విప్పుకొచ్చింది. అత్త దాన్ని మొహం కిందికి పరిచి మిరపకాయలు ఎండబోసింది.

చెల్లయ్యను ప్రభుత్వాసుపత్రిలో చూపించారు. అక్కడ తోటా లేదు ఊయలా లేదు. ఓ చిన్న డాక్టరమ్మ, మందులు, వారం వారం మాటలు. తొంభై రోజుల్లో నయమవుతుందని అక్కడెవరూ చెప్పలేదు. మూడో నెలలో ఒకసారి తాగి వచ్చాడు, మర్నాడు తనే వెళ్ళి డాక్టరమ్మకు చెప్పాడు. ఆ తర్వాత తాగలేదు.

తొమ్మిదో నెలలో పాత యజమాని కబురుపెట్టాడు, ఒక్క వాయి పాకం పట్టించి చూద్దామని. ఆరోజు కంపెనీలో గాంధిమతి చేతిలో పుల్లలు నిలవలేదు. సాయంత్రం త్వరగా ఇల్లు చేరి గడపలోనే నిలబడింది. వీధి మలుపులో చెల్లయ్య కనబడ్డాడు. వేడి ఆరని మిఠాయి పలక ఒకటి కాగితంలో చుట్టి, రెండు అరచేతుల మీద మోసుకొస్తున్నాడు. దగ్గరికొచ్చి ఆమె ముందు చాచాడు. ఆమె మిఠాయి చూడలేదు, చేతులు చూసింది. కాగితం అంచు కూడా కదలడం లేదు.

లోపల వేలమ్మాళ్ పని మాని చెవులు రిక్కించింది.

గాంధిమతి పక్కకు తప్పుకుని దారి ఇచ్చింది. గొంతెత్తి, వీధి మొత్తం వినేలా అంది.

"బాగై వస్తివి. లోనికి దా."