గిరిబాబు పారేసినవి

గిరిబాబు నోట్లో గుట్కా లేనిది నిద్రలోనే. అప్పుడూ దవడ ఆడుతూనే ఉంటుందని భార్య భానుప్రియ అంటుంది. బిలాస్‌పూర్‌లో వాళ్ళ రైల్వే క్వార్టర్ గోడల మీద, మెట్ల మీద, చివరికి తులసి కుండీ మీద కూడా ఎర్రటి చారలే. గూడ్సు గార్డు కనుక డ్యూటీలో ఇంకా హాయి. రైలు చివరి బ్రేక్ వ్యాన్ తలుపు దగ్గర నిలబడితే దేశమంతా ఆయనగారి ఉమ్మితొట్టే. నమిలింది, చించింది, అక్కర్లేనిది, అన్నీ బయటికే.

తొమ్మిదేళ్ళ కిందట భానుప్రియ తండ్రి శంకరరావు లోకో షెడ్‌లో డ్యూటీలో ఉండగానే పోయాడు. ఆ ఉద్యోగం కూతురికిమ్మని తల్లి వేలిముద్ర వేసింది. ఆఫీసులో ఇచ్చొస్తానని ఆ దరఖాస్తు పట్టుకెళ్ళింది గిరిబాబే. "రిజెక్ట్ అయిపోయిందే," అన్నాడు నెల తిరక్కుండానే. ఆనాటి నుంచి ఆమె ఆయనకి కేరేజీ కడుతూనే ఉంది. తండ్రి షెడ్ ముందు నుంచి వెళ్ళాల్సొస్తే మాత్రం ఇప్పటికీ చుట్టు తిరిగి వెళ్తుంది.

ఈసారి సెలవుల్లో ముందు అచానక్‌మార్ అడవిలో సఫారీ, ఆపైన అండమాన్ దీవిలో ఆరు రోజుల విశ్రాంతి. సఫారీలో జీపు పక్కకి వంగి ఉమ్ముతూనే ఉన్నాడు. పులి కనబడలేదు. కంపు తగిలి తప్పుకుని ఉంటుంది, మంచి పని చేసింది.

దీవిలో కాటేజీ చూసుకునే అచ్చియమ్మ తాతలు శ్రీకాకుళం నుంచి వలస వచ్చినవాళ్ళు. మొదటి రోజు తెల్లారేసరికి ఆమె గుమ్మం ముందు గంపెడు గుట్కా పొట్లాలు పెట్టింది.

"ఇయ్యేటి?" అంది భానుప్రియ.

"మీ ఆయన పారేసినవేనమ్మా. నదులన్నీ ఇటే కదా ఒచ్చేది. ఎవరివి ఆలకి ఇచ్చీస్తాది సముద్రం. మొన్నొకాయనకి మూడు కుర్చీలొచ్చాయి."

"అచ్ఛా!" అన్నాడు గిరిబాబు. "అరె, ఇది సఫారీలో పారీసిందే!" పొట్లం అడుగున మిగిలిన పొడి వేలితో తీసి నాకాడు. భానుప్రియ గంపని కాలితో దూరం జరిపింది.

సముద్రం రోజుకి రెండేళ్ళ చొప్పున వెనకటి కాలంలోకి వెళ్తోంది. రెండో రోజు గంప నిండా చిరిగిన బనియన్లు. మూడో రోజు, ఆమె తెల్లవారుజామున లేచి వండి కట్టిన కాకరకాయ కూర, మూత కూడా తియ్యకుండా పారేసిన డబ్బాలతో సహా. నాలుగో రోజు ఆయన పుచ్చిపన్ను. ఎదురుగా నీలం నీళ్ళు, తెల్లటి ఇసక, చల్లటి గాలి. భానుప్రియకి ముద్ద దిగితే ఒట్టు.

ఆ సాయంత్రం గిరిబాబు బ్యాగు సర్దేశాడు. "చలో, రేపు తెల్లారీలోపే ఎల్లిపోదాం. ఈ ఉప్పుగాలి నాకు పడట్లేదు."

"ఇంకా రెండ్రోజులుంది కదండీ."

"ఎల్దామంటే ఎల్దామే!"

ఆమె ఆయన మొహంలోకి చూసింది. నోరు ఖాళీగా ఉంది.

"మీరెల్లండి. నేను రేపటి గంప సూసొస్తాను."

ఆయన వెళ్ళలేదు. పొద్దున్న గంపలో పొట్లాల మీద ఒక ఖాకీ కవరు. తడి లేదు. లోపల దరఖాస్తు మీద తల్లి వేలిముద్ర నల్లగా అలాగే ఉంది. మూల మీద ఎర్రటి ఉమ్మి.

"అర్పా నది వంతెన మీద పారీసినాను," అన్నాడు గిరిబాబు నేల చూస్తూ. "నువ్వు డ్యూటీకెల్తే నాకు కేరేజీ ఎవులు కడతారే?"

తొమ్మిదేళ్ళు, ఒక కేరేజీ కోసం. భానుప్రియకి అరవాలనిపించలేదు, ఏడవాలనిపించలేదు. చేతులు కడుక్కోవాలనిపించింది.

బిలాస్‌పూర్ పక్కన చకర్‌భాటాలో విమానం దిగి, ఇంటికి కాకుండా తిన్నగా ఆఫీసుకి ఆటో కట్టించుకుంది. గుమస్తా మాధవీలత కాగితం మీద తేదీ చూసింది.

"ఇంత ఆలస్యమేంటమ్మా?"

"నదిలో పడిందండి. సముద్రం తెచ్చిచ్చింది."

"అయితే ఇన్నాళ్ళూ దారిలో ఉన్నట్టే. ఆలస్యం మీది కాదు." రిజిస్టరులో 'ఎలా వచ్చింది' అన్న గడిలో 'సముద్రం ద్వారా' అని రాసి ముద్ర కొట్టింది.

వానలు మొదలయ్యేసరికి భానుప్రియ తండ్రి పనిచేసిన షెడ్‌లోనే చేరింది. తన పేరు మీద వచ్చిన క్వార్టర్‌లోకి తల్లిని తెచ్చుకుంది. ఒక ఆదివారం గిరిబాబు ఆ గుమ్మం ముందుకొచ్చి నిలబడ్డాడు.

"ఏటే, నన్ను కూడా పారీసినావా?"

"పారీస్తే సముద్రం మల్లీ తెచ్చి నాకే ఇచ్చీస్తాది," అంది భానుప్రియ. "అందుకే ఉన్నకాడే ఒగ్గీసినాను."