చోటివ్వని ఫిడేలు

పొద్దున తొమ్మిదింటికి పోస్టతను ఉత్తరాల కట్ట గుమ్మంలోంచే లోపలికి విసిరేసి వెళ్ళాడు. ఫిడేలమ్మ ఎడమచేతి గోళ్ళు కత్తిరించుకోవడం ముగించి, కళ్ళజోడు తుడుచుకుని, కాఫీ గ్లాసుతో కూర్చుంది. డెబ్బై ఒకటో ఏట ఆమె రికార్డు వచ్చి నెలైంది. పళ్ళెమంత నల్లటి రికార్డు, అట్ట మీద ఆమె బొమ్మ, ఆమె పేరు, ఇంకెవరి పేరూ లేదు. ఫోనులో పాట వినేవాళ్ళకి మెచ్చుకోడానికి బొటనవేలు చాలు. సూది పెట్టి వినేవాళ్ళు అలా కాదు, కాగితం కలం తీస్తారు.

"మీ ఫిడేలు వింటూ ఇస్త్రీపెట్టె చొక్కా మీదే మర్చిపోయాను, మాడిపోయింది, పోనీండి" అని ఒక దర్జీ రాశాడు. "మొదటి వైపు అయిపోయాక లేచి తిప్పడానికి కాళ్ళు రాలేదు" అని ఒక నర్సు. ఫిడేలమ్మ ఒక్కో ఉత్తరం రెండుసార్లు చదివేది, రెండోసారి పైకి. నలభై ఏళ్ళ ఆకలి మరి.

ఐదో ఉత్తరం దగ్గర గ్లాసు కింద పెట్టేసింది. "మూడో పాటలో మీ వెనక సన్నగా పాడినాయన ఎవరండీ? ప్రాణం పెట్టేశాడు. పేరు వేయకపోవడం అన్యాయం." ఆరో ఉత్తరమూ అదే. తొమ్మిదోదీ అదే.

ఆమె రికార్డులో ఎవరూ పాడలేదు. లేచి, అచ్చయి వచ్చాక మొదటిసారి, సూది పెట్టింది. మూడో పాటలో, ప్రతి పాదం చివరా, ఒక గొంతు. అది బావ గొంతు. చెవి కోసి పక్కన పెట్టినా గుర్తుపడుతుంది.

ఒళ్ళు మండిపోయింది. చెప్పులేసుకుని తిన్నగా రికార్డుల ఫ్యాక్టరీకి పోయింది.

"మీరే కదమ్మా, గోడౌనులో పడున్న మీ బావగారి రికార్డులు పొడి చేసి, ఆ పొడితోనే మీవి అచ్చేయమన్నారు?" అన్నాడు అచ్చు మేస్త్రి, వేడి నల్లముద్దని యంత్రంలో పెడుతూ. "కరిగేది ప్లాస్టిక్కు. పాటెక్కడికి పోతుంది? కొత్తదాంట్లో ఖాళీ చూసుకుని సర్దుకుంటుంది. మీకు తెలియంది ఏముంది!"

తెలియకేం. ముప్ఫయ్యో ఏట ఆమె ఒకే ఒక్క రికార్డు చేసింది. మూడొందల కాపీలు. అప్పటికే పెద్ద గాయకుడైన అక్క మొగుడు కంపెనీకి వెళ్ళి, "ఒట్టి ఫిడేలు ఎవడు వింటాడయ్యా, పొడి చేసెయ్యండి" అన్నాడు. చేసేశారు. ఆ పొడితోనే ఆయన పాటలు అచ్చేశారు. వాటిలో ఎవరూ వాయించని ఫిడేలు వినిపించింది. జనం ఆహా అన్నారు, మెప్పంతా బావకే పోయింది. ఆ రోజు నుంచి ఆమె చేతికి సొంతపాట పలకలేదు. ఒంటరిగా వాయిస్తే కర్ర మీద కర్ర రాసిన చప్పుడే వచ్చేది. బావ పక్కన కూర్చుంటేనే ఫిడేలు పలికేది. అలా ముప్ఫై ఏళ్ళు ఆయన పక్కన కూర్చుంది. ఆయన కచేరీలు మానేశాక పదేళ్ళు ఊరికే కూర్చుంది. పోయినేడు, ముల్లును ముల్లుతోనే తీయాలని, ఆయన రికార్డులు పొడి చేయించింది. ఆ రోజే ఆమె చేతికి పాట తిరిగొచ్చింది. ఆ రోజే బావ గొంతు పడిపోయింది.

మూగబోయిన బావని ఒకసారి కళ్ళారా చూస్తేనైనా కడుపు చల్లబడుతుందేమో అనుకుని, ఫ్యాక్టరీ నుంచి అటే వెళ్ళింది.

అక్క తలుపు తీస్తూనే మొదలుపెట్టింది. "చూపించని డాక్టరు లేడే. మింగించని మందు లేదు." అక్క ఆరాటమే గానీ బావ బతకడంటారు. ఈ బావ మాత్రం నిక్షేపంగా ఉన్నాడు. పడక్కుర్చీలో కాళ్ళు చాపుకుని ఫిడేలమ్మ రికార్డే వింటున్నాడు. ఏడుస్తూ ఉంటాడనుకుంటే మొహం వెలిగిపోతోంది. ఒళ్ళో పలక తీసి రాశాడు.

"ఇంత బాగా నేనెప్పుడూ పాడలేదు."

తుడిచి మళ్ళీ రాశాడు. "ఎక్కడ ఆగాలో నీకింకా గుర్తుంది. ప్రతి పాదానికీ నాకు చోటు వదిలావు. మంచిదానివి, మరదలా."

"నేనేం వదల్లేదు!" అంది ఫిడేలమ్మ.

బావ నవ్వి, మూడో పాట మీద సూది పెట్టాడు. ఈసారి ఆమె ఫిడేలు ఒక్కటే చెవిన పెట్టి వింది. నిజమే. ప్రతి పాదం చివరా కమాను ఒక ఊపిరిసేపు ఆగుతోంది, ఎవరో అందుకుంటారన్నట్టు. ఆమె ఆపలేదు, ముప్ఫై ఏళ్ళ అలవాటుకి చెయ్యే ఆగింది. ఆయన తలుపు బద్దలు కొట్టుకుని రాలేదు. తీసి ఉంచితే వచ్చి కూర్చున్నాడు.

ఆయన మళ్ళీ రాశాడు. "వచ్చే నెల హాల్లో వాయిస్తున్నావటగా. అక్కడా ఇలాగే ఆగు. ముందు వరసలో ఉంటాను. నీ ఫిడేలు నా దగ్గర పలికినట్టు, నా గొంతు నీ దగ్గర పలుకుతుంది."

పలుకుతుందని ఆమెకీ తెలుసు. ఆయన తిట్టినా ఇంత మండేది కాదు. మంచిదానివి అన్నాడు.

గేటు దాకా వచ్చి అక్క చెయ్యి పట్టుకుంది. "ఆ నాలుగు చోట్లా ఆగితే నీ సొమ్మేం పోతుందే? నా మొహం చూసి ఆగవే."

"ముప్ఫై ఏళ్ళు ఆగానక్కా," అంది ఫిడేలమ్మ. అక్క చెయ్యి వదిలేసింది.

మర్నాటి నుంచే స్టూడియోలో పాటలన్నీ మళ్ళీ మొదలుపెట్టింది. ఆగిన చోటల్లా పూడ్చాలి. చెయ్యి మాట వినలేదు, పాదం చివరకొచ్చేసరికి అలవాటుపడ్డ బండెద్దులా దానంతటదే నిలబడిపోయేది. పదకొండు రోజులు పట్టింది.

"కాస్త ఊపిరి తీసుకోండమ్మా," అంది రికార్డు చేసే అమ్మాయి.

"తీసుకుంటే ఆయన దూరతాడు."

గోడౌనులో మిగిలిన బావ రికార్డులన్నీ, ఒక్కటీ ఉంచకుండా, పొడి చేయించింది. కొత్త ప్లాస్టిక్కు వాడితే గొడవే ఉండదు కదా అన్నాడు మేస్త్రి. "వద్దు. రానీ. వచ్చి చోటు వెతుక్కోనీ," అంది. అచ్చయిన మొదటి రికార్డు ఇద్దరూ రెండు వైపులా విన్నారు. ఫిడేలు తప్ప ఏమీ లేదు. ఆ మధ్యాహ్నం ఆమె చాలాకాలానికి కడుపునిండా తింది.

ఆదివారం ఉదయం హాలు నిండిపోయింది. సంతకాల కోసం రికార్డులు చంకలో పెట్టుకుని వచ్చారు జనం. ముందు వరసలో అక్క, పక్కన బావ, ఉతికిన చొక్కాలో, పలక ఇంట్లోనే వదిలేసి.

ఫిడేలమ్మ వేదిక మధ్యలో కూర్చుని వాయించింది. మొదటి పాదం చివర బావ నోరు తెరిచాడు. ఆమె ఆగలేదు. రెండో పాదానికి తెరిచాడు. ఆగలేదు. నాలుగు పాటలు ఆయన నోరు తెరుస్తూ మూస్తూనే ఉన్నాడు, అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నేలచూపులు చూసింది.

ఐదో పాటలో ఆమె చెయ్యి ఆమెని మోసం చేసింది. సగం ఊపిరిసేపు కమాను నిలిచింది. అంత సందులోనే బావ గొంతు "ఆ..." అంటూ లేచింది. డెబ్బై ఎనిమిదేళ్ళ గొంతు, చెక్కు చెదరలేదు. వెనక వరసల్లో జనం తలలు ఎత్తారు. ఎంత బాగుందో ఫిడేలమ్మకే అందరికంటే బాగా తెలిసింది. ఇంకొక్క ఊపిరి ఆగితే చాలు, మిగతాది ఆయన చూసుకుంటాడు. ఆమెకి ఏడుపొచ్చింది. ఏడుస్తూనే కమాను దించి ఆ గొంతు మీదుగా లాగేసింది.

గొంతు తెగిపోయింది. మళ్ళీ లేవలేదు, ఆ రోజే కాదు, ఎప్పుడూ.

పాట ముగిసేసరికి హాలంతా లేచి నిలబడింది. బావ కూడా లేచాడు. చుట్టూ చూశాడు. ఇక ఆయన దగ్గర చప్పుడు చేసేవి రెండు చేతులే మిగిలాయి. వాటిని పైకెత్తి, అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టడం మొదలుపెట్టాడు.

ఆ చప్పట్లు ఆగకముందే ఫిడేలమ్మ తర్వాతి పాట ఎత్తుకుంది.