పొలిమేర మీద కిటికీ

పాదిరీ ఆంబ్రోస్ థర్కెటిల్ డైరీలో దేవుడి ప్రస్తావన అప్పుడప్పుడూ వచ్చేది, భోజనం ప్రస్తావన మాత్రం రోజూ ఉండేది. తిన్నదల్లా పూస గుచ్చినట్టు రాసుకునేవాడు. రాయకపోయినా ఆయన నడుము చూస్తే తెలిసిపోయేది.

ఏటా క్రీస్తు ఆరోహణ పండుగ వారంలో ఆయన ముందు, ఫెన్లీ ఊరంతా వెనక నడిచి పొలిమేర తొక్కడం ఆనవాయితీ. పాదిరీ అడుగు పడినంత మేరే ఊరు. ఆ పొలిమేర గీత తబిత గూచ్ అనే ముసలావిడ అద్దెకుండే ఇంట్లోంచే పోతుంది. నిరుటిదాకా పెరటి తలుపులోంచి వెళ్లి వీధి తలుపులోంచి బయటికి వచ్చేవాళ్లు. మొన్న చలికాలంలో ఇంటి యజమాని పెరటి తలుపు తీసేయించి గోడ కట్టించి, అందులో చిన్న కిటికీ పెట్టించాడు.

పక్కనున్న హార్బీ ఊరి రైతు గిబ్లిన్ కంచె మీద కూర్చుని వేడుక చూస్తున్నాడు. "ఇంటి చుట్టూ తిరిగి పొండి అయ్యగారూ! ఇల్లు మా ఊళ్లో కలుస్తుంది, అంతేగా!"

తబిత మొహం పాలిపోయింది. "మా ఆయన జోనాస్‌ని మన చర్చి సమాధుల తోటలోనే పూడ్చాం కదండీ. పక్కనే నాకూ చోటుంచాను. నేను హార్బీ మనిషినైపోతే నన్ను వాళ్ల ఊళ్లో పాతిపెడతారు."

పాదిరీ మనసు కరిగి నీరైంది. కోటు విప్పి కిటికీలో తల దూర్చాడు. భుజాలు పట్టాయి. పొట్ట పట్టలేదు.

"తల మీది, కాళ్లు మావి!" గిబ్లిన్ కేక వేశాడు. రెండు ఊళ్లూ పడీపడీ నవ్వాయి. ఇది డైరీలో ఎలా రాసి చావాలా అని పాదిరీ బెంగపడ్డాడు.

"రాత్రి బాతు తిన్నారా అయ్యగారూ?" వెనకనుంచి తబిత అడిగింది.

"రెండు."

"ఊపిరి వదలండి. మర్యాద సంగతి తర్వాత చూసుకుందాం."

ఆవిడ రెండు చేతులూ ఆనించి ఒక్క తోపు తోసింది. పాదిరీ వెళ్లి రొట్టెల పిండిలో బోర్లా పడ్డాడు. లేచి, గడ్డం నిండా పిండితో వంటింటి గుండా నడిచి వీధి తలుపులోంచి బయటికి వచ్చాడు. ఊరు ఈలలు వేసింది. గిబ్లిన్ కూడా టోపీ తీసి చప్పట్లు కొట్టాడు.

తబిత తడి కళ్లతో పరిగెత్తుకొచ్చి, నడుముకు కట్టుకున్న వంటగుడ్డతో ఆయన మొహం తుడిచింది.

"ఇక జోనాస్ పక్కన నీ చోటుకి ఢోకా లేదు తబితా."

"తొందరేం లేదులెండి. మా పెళ్లిరోజున నన్ను చర్చి మెట్ల మీద మధ్యాహ్నందాకా నిలబెట్టాడు. ఇప్పుడాయన్ని కొన్నేళ్లు ఎదురుచూడనివ్వండి!"