పక్క సీటు క్లచ్

డ్రైవింగ్ నేర్పేవాడికి నోరు పెద్దదిగానూ కాలు చురుగ్గానూ ఉండాలి. హనుమత్ప్రసాద్‌కి రెండూ ఉండేవి. అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల వెనక సందులో ఆయన డ్రైవింగ్ స్కూలు. ఎడమ సీట్లో కూర్చుని, తన వైపున్న రెండో క్లచ్ మీద ఎడమ పాదం ఆనించి, "క్లచ్! క్లచ్ తొక్కవయ్యా మహానుభావా!" అని అరిచేవాడు. ఆ అరుపు సందు మొదట్లో టీ కొట్టుదాకా వినబడేదంటే నమ్మండి.

ఆ ఎడమ కాలే పోయింది. షుగరు పుండుగా మొదలై, మోకాలి కిందనుంచి తీసేయాల్సి వచ్చింది. జైపూర్ కాలు తొడుక్కుని నడవడం అలవాటైంది గానీ, ఆ కాలికి పెడల్ తగిలిందో లేదో తెలిసి చావదు. క్లచ్ తెలియని కాలితో నడపడమేమిటి, నేర్పడమేమిటి?

"ఆటోమేటిక్ కొనుక్కోవచ్చుగా?" అన్నవాళ్ళందరికీ ఆయన జవాబు ఒకటే. "గేర్లు లేనిది బండి ఏంటండీ, అది ఉయ్యాల!"

చివరికి దారి చూపించినవాడు మెకానిక్ మహిపాల్. ఒకప్పుడు ఆయన దగ్గరే తిట్లు తిని డ్రైవింగ్ నేర్చుకున్నవాడు.

"కాలుతోని తొక్కేది చేతితోని గుంజుదాం సార్. బైక్‌కు ఉంటది సూడు, గసొంటి లివర్ గేరు రాడ్‌కు పెడ్త. గా చేత్తోనే క్లచ్, గా చేత్తోనే గేరు. ఫికర్ జేయకు."

అన్నట్టే పెట్టాడు. పిడికిలి బిగిస్తే క్లచ్ తొక్కినట్టు, వదిలితే వదిలినట్టు. కాలి పెడళ్ళ జోలికి మాత్రం పోలేదు, రెండు సీట్ల ముందూ ఎప్పటిలాగే ఉన్నాయి. ఆర్టీఓ మైదానంలో పరీక్ష కూడా అయింది, లైసెన్సు మీద కొత్త ముద్ర కూడా పడింది. అయితే మైదానంలో ఎదురొచ్చేవాడు లేడు, వెనకనుంచి హారన్ కొట్టేవాడు లేడు. పంజగుట్ట అలా కాదు కదా!

స్కూల్లో హనుమత్ప్రసాద్‌ది ఒక పద్ధతి. ఎర్రమంజిల్ ఎత్తు మీద ట్రాఫిక్‌లో ఆగి, బండి వెనక్కి జారకుండా మళ్ళీ కదిలించినవాడికే "నీకు వచ్చేసింది, ఫో" అనేవాడు.

"నాకూ అదే పరీక్ష," అన్నాడు ఆ ఉదయం భార్య వసుమతితో. "బండి జారిందా, సాయంత్రం పాత కార్ల రాకేశ్ వస్తాడు, తాళాలు వాడి చేతిలో పెట్టేస్తా. స్కూలు బోర్డు కూడా దింపేస్తా."

అనేయడమైతే అనేశాడు. బండి లేని హనుమత్ప్రసాద్ ఎలా ఉంటాడో ఆయనకే తెలియదు. తెలుసుకోవాలనీ లేదు.

"నేనూ వస్తా," అని వసుమతి ఎడమ సీట్లో ఎక్కి కూర్చుంది.

"నువ్వెందుకు?"

"మీరు తిట్టడానికి ఎవరో ఒకరు ఉండొద్దూ?"

ఆశ్చర్యం, బండి వెన్నలా నడిచింది. మెట్రో స్తంభాల వెంట పంజగుట్ట చేరి, సిగ్నల్ దగ్గర ఆగి, ఒక్క కుదుపు లేకుండా కదిలింది. ఎర్రమంజిల్ ఎత్తు మీద ఆగింది, అంగుళం కూడా జారకుండా ముందుకే పోయింది. హనుమత్ప్రసాద్ ముఖం చేటంతయింది. ఒకటే లోటు. బండి ఆగినప్పుడల్లా లివర్ చేతిలో నానిన అప్పడంలా మెత్తబడుతోంది.

తిరిగొస్తూ నేరుగా మహిపాల్ షెడ్డుకు పోయాడు. "కేబుల్ వదులుగా బిగించావేంట్రా? ఇదేనా నువ్వు చేసే పని?"

మహిపాల్ కిటికీలోంచి చెయ్యి పెట్టి లివర్ గుంజి చూశాడు. "మస్తు గట్టిగుంది గద సార్. గట్ల మెత్తగ గావాలంటే పక్క పెడల్ ఎవలన్న తొక్కుతుండాలె..." అంటూనే నాలిక కరుచుకున్నాడు.

ఇద్దరూ వసుమతి వైపు చూశారు. ఆమె ఎడమ చెప్పు ఓ మూల పడి ఉంది. పాదం ఇంకా పెడల్ పక్కనే ఉంది.

"తొక్కావా?"

"తొక్కాను. ఏం చెయ్యమంటారు? బండి ఆపాల్సి వచ్చిన ప్రతిసారీ మీ తొడ బిగుసుకుంటోంది. లేని కాలితో తొక్కేస్తున్నారు, చెయ్యేమో మరిచిపోతోంది."

"ఎప్పుడు తొక్కాలో, ఎప్పుడు వదలాలో నీకెలా తెలుసు?"

"అయ్యో రామా! ఇన్నేళ్ళుగా నిద్రలో కూడా క్లచ్, క్లచ్ అని అరుస్తున్నది ఎవరండీ?"

మహిపాల్ పక్కకు తిరిగి నవ్వాడు. హనుమత్ప్రసాద్‌కి నవ్వు రాలేదు. ఎందుకంటే ఇది ఆయన చిట్కాయే. కొత్తగా వచ్చినవాడికి మొదటి రోజు తనే గుట్టుగా క్లచ్ తొక్కి, బండి వాడే నడిపాడనిపించేవాడు. మొదటి రోజు ధైర్యం పొయ్యాలి, రెండో రోజు నుంచి తిట్లు పొయ్యాలి అన్నది ఆయన సిద్ధాంతం. ఎంతమంది వెర్రినాయనలు చెవులదాకా నవ్వుకుంటూ ఈ బండి దిగలేదూ! ఇవాళ తనూ అలాగే దిగబోయాడు. సిగ్గేసింది, కోపమొచ్చింది, వాటి వెనకే ఏడుపూ వచ్చింది.

"మళ్ళీ పోదాం," అన్నాడు తాళం తిప్పుతూ. "ఈసారి కాళ్ళు పైకి పెట్టుకో."

వసుమతి సీటు మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

పంజగుట్ట సిగ్నల్ దగ్గర బండి ఓ ఎగురు ఎగిరి చచ్చిపోయింది. లేని కాలు మళ్ళీ పెడల్ తప్పి నేలను తన్నింది మరి! వెనక హారన్లు మోగాయి. పక్కన ఆటోవాడు తల బయటికి పెట్టాడు. "ఏం పెద్దమనిషీ, ఇప్పుడు నేర్చుకుంటున్నవా?"

"అవునయ్యా, ఇప్పుడే నేర్చుకుంటున్నా!" అని అరిచి, మళ్ళీ స్టార్ట్ చేశాడు.

ఎర్రమంజిల్ ఎత్తు మీద ముందు బస్సు ఆగింది, ఈయనా ఆగాడు. వెనక ఓ కొత్త కారు, మూతికి మూతి ఆనించినట్టు. బస్సు కదిలింది. హనుమత్ప్రసాద్ పెద్దగా తనకు తనే పాఠం చెప్పుకున్నాడు. "కాలు లేదు, మరిచిపో. చెయ్యి. నెమ్మది... వేళ్ళు ఒక్కసారిగా వదలకయ్యా... బండి వణికిందా? ఆగు అక్కడ. ఇప్పుడు బ్రేకు మీంచి పాదం తియ్యి."

ఇన్నాళ్ళూ అరికాలికి తెలిసిన ఆ వణుకు ఇప్పుడు అరచేతికి తెలిసింది. బండి ముందుకు కదిలింది.

వసుమతి రెండు పాదాలూ చేతుల్తో పట్టుకుని కళ్ళు మూసుకుంది. "జారిందా అండీ?"

"జారలేదే!" అన్నాడు.

సాయంత్రం రాకేశ్ వచ్చాడు, టీ తాగాడు, ఉత్త చేతులతో పోయాడు. వాణ్ణి సాగనంపి హనుమత్ప్రసాద్ అలవాటుకొద్దీ బండిలో ఎడమ సీట్లో కూర్చున్నాడు. నడపడం వచ్చింది, సరే. నేర్పాలంటే కూర్చోవలసింది ఈ సీట్లో కదా, ఇక్కడ తొక్కడానికి కాలేదీ? దిగులుగా కుడి చెయ్యి పక్కన వాల్చాడు. అది గేరు రాడ్ మీద పడింది. వేళ్ళ కింద లివర్. పిడికిలి బిగించాడు. కుడి పాదం తన వైపు బ్రేకుకు అందింది.

రెండూ కలిపి ఇంకోసారి నొక్కి చూశాడు. తర్వాత ఇంట్లోకి వినబడేలా కేకేశాడు. "వసూ! రేపు నీకు ఎల్‌ఎల్‌ఆర్‌కి, అదే లెర్నర్ లైసెన్సుకి, పెడదాం!"

పెళ్ళానికి డ్రైవింగ్ నేర్పి బాగుపడినవాడు లేడని ఇన్నేళ్ళూ తప్పించుకు తిరిగిన మనిషి మరి!

ఎల్‌ఎల్‌ఆర్ చేతికొచ్చిన ఉదయం వసుమతి కుడి సీట్లో, ఆయన ఎడమ సీట్లో. బండి వెన్నలా సందు దాటింది, టీ కొట్టు దగ్గర వెన్నలా మలుపు తిరిగింది. హనుమత్ప్రసాద్ ఏమీ ఎరగనట్టు ముందుకు చూస్తున్నాడు.

వసుమతి రోడ్డు మీంచి చూపు తిప్పకుండానే అంది. "ఏమండీ, ఆ చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకోండి."

పెట్టుకున్నాడు. బండి రెండుసార్లు ఎగిరి, నడిరోడ్డు మీద ఆగిపోయింది.

"క్లచ్!" అని అరిచాడు హనుమత్ప్రసాద్. "క్లచ్ తొక్కవే మహాతల్లీ!"

టీ కొట్టు దగ్గర గ్లాసులు పట్టుకున్నవాళ్ళంతా తల తిప్పి చూశారు. ఆ అరుపు విని చాలా రోజులైంది.