ఎడమ కాలి చెప్పు

పులిని చూసి నక్క వాత పెట్టుకుందంటే నవ్వుకుంటాం. మా కరుణాకర్ వాతతో ఆగే రకం కాదు. పులి కాలికి ముల్లు గుచ్చుకుని ఉంటే, తన కాలికీ అదే చోట ఒకటి గుచ్చుకుంటాడు. పైగా ఆ ముల్లు నాదే అంటాడు.

మాది చిలకానగర్. వారమంతా నాచారం ఫ్యాక్టరీల్లో వేరేవాళ్ల మిషన్ల దగ్గర చాకిరీ చేసే మేం నలుగురం, ఆదివారం వచ్చిందంటే బిక్షపతి మామ షెడ్డులో చేరి సొంత మిషన్లు కట్టుకుంటాం. కట్టమని ఎవరూ అడగలేదు, కట్టాక ఎవరూ మెచ్చుకోలేదు. అదొక పిచ్చి. కల్లు తాగేవాడిని బస్తీలో అర్థం చేసుకుంటారు గానీ మమ్మల్ని చేసుకోరు.

నేను కట్టింది పేర్లు చెక్కే మిషన్. పాత జిరాక్స్ మిషన్ల కడ్డీలు, బీరువా సొరుగుల పట్టాలు, ఒక ముసలి కంప్యూటర్. పలక బిగించి పేరు కొడితే మోటారుకు తగిలించిన బిట్టు తిరుగుతూ ఆ పేరు చెక్కాలి. చెక్కేది కాదు. దయాకర్ అని నా పేరు కొడితే వానపాము పాకినట్టు గీసేది. మోటారుకు ఒకటే వణుకు, ఒకటే మోత.

అప్పటికి అది మా ముందు గదిలోనే ఉంది. ఒక మధ్యాహ్నం మా ఆవిడ విజయశ్రీ ప్యాకింగ్ కంపెనీలో మార్నింగ్ షిఫ్టు చేసి వచ్చి అలా నడుం వాల్చింది. నేను మిషన్ ఆన్ చేశాను. లేచింది. గడప దగ్గర విడిచిన చెప్పు చేతిలోకి తీసుకుంది. నాకే అనుకుని తల వంచాను. నన్ను దాటిపోయి ఆ చెప్పును మోటారు కింద కుక్కింది.

"ఇగ మొత్తుకో, సూస్త!" అంది.

మోత ఆగింది. వణుకు ఆగింది. దయాకర్ అని అచ్చులో పోసినట్టు చెక్కింది నా బంగారుతల్లి! మిషన్‌ను అంటున్నాను. ఆ చెప్పును అక్కడే ఉంచి మిషన్‌ను షెడ్డుకు తరలించాను. విజయశ్రీ ఎడమ కాలికి నా పాత చెప్పు తొడుక్కుని మరునాడు డ్యూటీకి పోయింది.

కరుణాకర్ వచ్చి సెల్‌ఫోన్‌లో ఫోటోలు తీసుకున్నాడు. "ఊకెనే అన్నా, మా రాణికి సూపిద్దామని," అన్నాడు. కొన్నాళ్లకు షెడ్డులో నా మిషన్ పక్కన ఇంకో నా మిషన్ వెలిసింది. నేను వంకర ఎక్కించిన మరమేకును వాడూ వంకరే ఎక్కించాడు. మోటారు కింద నీలం బెల్టు హవాయి చెప్పు. ఎడమ కాలిది.

"చెప్పెందుకు పెట్టినవ్‌రా?"

"నువ్వెందుకు పెట్టినవన్నా?"

"డిజైన్!" అన్నాను. ఇంకేమనాలి?

"నాది గూడ డిజైనే."

మా ఆవిడ చెప్పు మడమ దగ్గర లోపలి వైపు వాలుగా అరిగి ఉంటుంది. కరుణాకర్ భార్య రాణి చెప్పు కొత్తది, అలా పెడితే మోటారు ఒరిగి అక్షరాలు వంకర పోతున్నాయట. ఈ మహానుభావుడు ఆకురాయి పట్టుకుని కూర్చుని, ఆ చెప్పును అచ్చం అదే వాలుకు అరగదీశాడు. వాణ్ని చూసి మిగతా ఇద్దరూ అదే మిషన్ కట్టి, వాళ్ల ఆడవాళ్ల చెప్పులతో అదే పని చేశారు. మా గల్లీలో నలుగురు ఆడవాళ్లు రెండు కాళ్లకు రెండు రకాల చెప్పులతో తిరిగారు. కిరాణా కొట్టు దగ్గర కొత్తవాళ్లెవరైనా కాళ్ల వంక చూస్తే, "మా ఇంట్ల మిషనున్నది," అని జవాబు చెప్పేవాళ్లు.

ఇంతవరకూ ఓర్చుకున్నాను. దసరా వచ్చింది.

మా షెడ్డులో ఒక ఆచారం ఉంది. ఆ ఏడాది పుట్టిన కొత్త మిషన్‌ను ముందుగా ఎవరు కట్టారో, ఆయుధపూజలో మొదటి బొట్టు, మొదటి కొబ్బరికాయ వాళ్లవి. ఆ రోజు నుంచి ఆ మిషన్‌కు వాళ్ల పేరే. ఎవరు ఎన్ని కట్టుకున్నా అదే పేరుతో పిలవాలి. నాకు ఇల్లు అద్దెది. బండి బామ్మర్ది పేరు మీద ఉంది. నా పేరంటూ ఉంటే ఈ మిషన్‌కే ఉండాలి. అలాంటిది కరుణాకర్ పొద్దున్నే స్నానం చేసి, కొత్త చొక్కా తొడుక్కుని, నాకంటే ముందు వచ్చి నిలబడ్డాడు!

సకల జనుల సమ్మె నడుస్తున్న దసరా అది. బస్సుల్లేవు, కరెంటు ఎప్పుడుంటుందో తెలియదు. ఉన్నంతలోనే తేల్చుకోవాలని షెడ్డులో గొడవ మొదలైంది.

"నీది అరిగిన చెప్పన్నా," అన్నాడు కరుణాకర్. "నాది కొల్చి గీసిన చెప్పు. డిజైనంటె చేసేది గని, అరిగేది గాదు."

అరికాలి మంట నెత్తికెక్కింది. "నా చెప్పు సూసి గీసి, నాకే చెప్తున్నవా బే!"

బిక్షపతి మామ ఫోర్‌మన్‌గా రిటైరైన మనిషి, షెడ్డులో ఆయన మాటే తీర్పు. కొబ్బరికాయ పట్టుకుని లోపలికి వచ్చి, మిషన్ల వైపు వంగి చూసి, ఒక్క గెంతు వెనక్కి వేశాడు.

"థూ! అమ్మవారికి బొట్టు వెట్టే జాగల చెప్పులేందిర? మొత్తం తియ్యున్రి!"

నాలుగు చెప్పులూ పీకి గుమ్మం బయట వరసగా పెట్టాం. మామ నాలుగు మిషన్లూ ఆన్ చేయించాడు. నాలుగు పలకల మీద నాలుగు వానపాములు పాకాయి. నా పేరేదో, కరుణాకర్ పేరేదో కన్నతల్లి కూడా చదవలేదు.

మామ గడ్డం గోక్కున్నాడు. "అంటె ఇందుల పని జేసేది చెప్పొక్కటే. గా వాలు మొదలు ఎవరు దెచ్చిన్రో, కొబ్బరికాయ వాళ్లది. దయాకర్, నీ చెప్పు ఎవరు గీసిన్రు?"

"ఎవరూ గీయలే మామా. అరిగింది."

"ఎవరి కాలుకు?"

నేను గుమ్మం బయటి చెప్పుల వరస వైపు చూశాను.

"నా కాలుకు," అని గుమ్మంలోంచి వినపడింది. పూజ పళ్లెం తెచ్చిన విజయశ్రీ, బయటున్న వరసలో తన చెప్పు గుర్తుపట్టి అప్పటికే కాలు దూర్చేసింది. "ఈడికెల్లి కంపెనీ దాక రోజు నడిస్తె మడిమె గట్లనే అరుగుతది మామా."

"బస్సుల్లేక నడిసినవ్‌లే," అన్నాను.

"సమ్మె నిన్నమొన్నటిది. చెప్పు అరిగి ఎన్నొద్దులాయె? పొద్దుగాల బస్సుల కాలు వెట్ట సందుంటదా? ఎప్పుడు నడుసుడే."

నాకు తెలియదు. నా ఊహలో ఆమె రోజూ బస్సులో పోతోంది, అదీ కిటికీ పక్కన కూర్చుని. అంతమంది ముందు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

మామ కొబ్బరికాయ ఆమె చేతికిచ్చాడు. ఒక్క దెబ్బకు పగిలింది. ఆ రోజు నుంచి అది విజయశ్రీ మిషన్.

కరుణాకర్‌కు సిగ్గూ శరమూ లేవు కదా, వెంటనే చేతులు జోడించాడు. "వదినె, నీ అరుగుడు సూసి గీసుకున్న. పూజ అయినంక పెట్టుకోవాల్నా, వద్దా?"

"అడిగినవ్ గద, పెట్టుకో," అంది.

మిగతా ఇద్దరూ అడిగారు, వాళ్లకూ పెట్టుకోమంది. పూజయ్యాక మూడు మిషన్లు చక్కగా చెక్కడం మొదలుపెట్టాయి. నాదొక్కటే వణుకుతూ ఉండిపోయింది. దాని చెప్పు తన యజమానురాలి కాలితోపాటు ఇంటి దారి పట్టింది.

వెనకే పరిగెత్తాను. "విజయా, జర ఆ చెప్పు..."

"ఇయ్య. నాకు గావాలె. నీది నువ్వు అరగదీసుకో."

"నీ లెక్కనే అరగదీస్త. సరేనా?"

నా మొహంలోకి చూసింది. "సరే. రేపు పొద్దుగాల లెవ్వు," అంది.

అందుకని ఇప్పుడు రోజూ పొద్దున్నే కొత్త చెప్పులేసుకుని ఆమెతో కంపెనీ దాకా నడుస్తున్నాను. మొదట్లో నా చెప్పు బయటి వైపుకు అరిగింది, పనికిరాలేదు. నా నడక వేరు, ఆమె నడక వేరు. కాబట్టి రెండడుగులు వెనక ఉండి, ఆమె మడమ ఎలా పడుతుందో చూస్తూ, నేనూ అలాగే వేస్తున్నాను. నాచారం రోడ్డు మీద జనం ఆగి చూస్తున్నారు, చూడనీ. ఆమె తొందరగా నడుస్తుంది. అంత దూరం అంత తొందరగా నడిచి, ఆపైన షిఫ్టంతా నిలబడే పని చేస్తుందని తలుచుకుంటే నాకు కాళ్లు పీకుతాయి.

మొన్న కరుణాకర్ స్కూటర్ స్లో చేసి, నా కాళ్ల వంక చూసి పళ్లికిలించాడు. "ఏందన్నా, వదినె నడక కాపీ కొడుతున్నవా?"

"అడిగే కొడుతున్నరా!" అన్నాను.