గడ్డి విత్తనం

జీతాలివ్వలేక చేతులెత్తేసిన మా ఊరి ఫుట్‌బాల్ క్లబ్బును మే నెలలో లండన్ ఆసామి ఒకడు కొన్నాడు. గేటు దగ్గర అభిమానులు అతని మెడలో మా నీలం కండువా వేసి పాటలందుకున్నారు.

ఇరవై ఆరేళ్లుగా ఈ మైదానంలో గడ్డి పెంచుతున్నది నేను. సీజన్ అయిపోగానే నేల గుల్లచేసి కొత్త విత్తనం చల్లాలి. లేకపోతే ఆగస్టులో ఆట లేదు. విత్తనం కొనే చీటీ మీద సంతకం అడిగాను.

"ఈసారికి విత్తనం వద్దులే, విల్ఫ్," అన్నాడు కండువా సర్దుకుంటూ.

"మరి ఆడేదెక్కడ సార్, మీ నెత్తి మీదా?"

అతను నవ్వి, మా మైదానం మీద ఇళ్ల ప్లాట్లు గీసి ఉన్న కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

అభిమానులకు చెప్పేద్దామని ఆవేశంగా గేటు దాకా వెళ్లాను. వచ్చే సీజన్ టికెట్ల కోసం వానలో బారులు తీరి పాడుతున్నారు. అందరికంటే ముందు మా ఆవిడ నిలబడి ఉంది.