పెనాల్టీ ముందు మౌనం

ఊరంతా ఉరుము అని పిలిచే ఆ రేడియో వ్యాఖ్యాతకు నోరు ఊరుకోదు. ముప్పై ఏళ్లుగా ఫుట్‌బాల్ మ్యాచ్‌లు చెప్పీ చెప్పీ, ఇంట్లో పాలు పొంగినా వ్యాఖ్యానమే. అలాంటి మనిషికి మెట్లెక్కుతుంటే ఛాతీ పట్టేసినట్టయింది. చూస్తే రేపే ఫైనల్. గుండె రక్తనాళాల్లో అడ్డంకులు లేవని స్కాన్‌లో తేలితేనే మైకు పట్టుకోనిస్తానని డాక్టరమ్మ ఖరాఖండీగా చెప్పేసింది.

కోత లేదు, లోపలికి గొట్టం దూర్చేదీ లేదు. చేతి నరంలోకి రంగుమందు ఎక్కించి, గుండ్రటి యంత్రంలో పడుకోబెట్టి ఫొటోలు తీస్తారు. అయితే గుండె నెమ్మదిగా కొట్టుకోవాలి, ఆ కాసేపూ ఊపిరి బిగబట్టాలి. గుండె పరుగెడితే ఫొటో చెదిరిపోతుంది. చెదిరితే ఆసుపత్రిలో చేరి గొట్టం పరీక్షే చేయించుకోవాలి, ఫైనల్ గోవిందా.

గుండె నెమ్మదించే మాత్ర వేసినా తెర మీద నాడి అంకె ఎనభై దిగలేదు. దిగుతుందా మరి? మనసంతా మైదానంలోనే ఉందాయె. టెక్నీషియన్ ఊపిరి బిగబట్టడం సాధన చేయిస్తే, ఉరుము రెండు క్షణాలు ఓర్చుకుని "యంత్రం కుడివైపు నుంచి దూసుకొస్తోంది" అని మొదలుపెట్టాడు. టెక్నీషియన్ తల పట్టుకుని, ఇలాగైతే వాయిదా వేసుకోవడమే నయమన్నాడు. ఆ మాటతో అంకె ఇంకా పైకెక్కింది.

అద్దం అవతల కూర్చున్న భార్య లేచింది. మ్యాచ్ మొదలవగానే రేడియో గొంతు తగ్గించేసే మనిషి ఆవిడ. తన వ్యాఖ్యానం ఒక్కనాడైనా విన్న పాపాన పోలేదని ఉరుముకు తీరని దిగులు. ఆవిడ టెక్నీషియన్‌ను అడిగి, యంత్రం గదిలోకి వినిపించే అతని మైకు ముందుకు లాక్కుంది.

"పెనాల్టీ. బంతిని తెల్ల చుక్క మీద పెట్టారు. గోల్‌కీపర్ చేతులు చాచాడు. ఇక నేను మాట్లాడను, మీరు మైదానాన్ని వినండి."

అచ్చం ఉరుము మాటలే. ఆ విరుపు కూడా ఉరుముదే. పెనాల్టీ ముందు ఈ మాట చెప్పాక, బంతిని తన్నేదాకా అతను పెదవి విప్పడు, ఊపిరి కూడా వదలడు. ఏళ్ల తరబడి వచ్చిన ఆ అలవాటు ఇప్పుడు అతని నోటికి తాళం వేసింది. ఆవిడ ఒకటి కాగానే ఇంకొకటి, పెనాల్టీలు తన్నిస్తూనే పోయింది. అతని ఒళ్లు వదులైంది. అంకె డెబ్బైకి, ఆ తర్వాత అరవైకి దిగింది. టెక్నీషియన్ రంగుమందు వదిలాడు. ఒళ్లంతా వెచ్చగా పాకినా ఉరుము కిక్కురుమనలేదు.

ఫొటోలు బాగా వచ్చాయన్నాడు టెక్నీషియన్. మరుక్షణం అంకె తొంభై దాటింది. సంతోషానికి మాత్ర పనిచెయ్యదు కాబోలు.

సాయంత్రం డాక్టరమ్మ గుండె బొమ్మను తెర మీద తిప్పి చూపించింది. ఒకచోట కాస్త పేరుకుంది గానీ దారి ఎక్కడా మూసుకుపోలేదు. మాత్రలూ నడకా చాలు, ఫైనల్‌కు నిక్షేపంగా వెళ్లొచ్చంది. ఎగిరి గంతెయ్యాల్సిన మనిషి భార్య వైపే చూస్తున్నాడు.

"ఇవన్నీ నువ్వెప్పుడు విన్నావే?"

"ఎప్పుడు వినలేదు గనక? తెలిస్తే ఇంట్లో ఇంకా రెచ్చిపోతారని రేడియో గొంతు తగ్గించి విన్నాను."

మర్నాడు ఫైనల్ పెనాల్టీల దాకా వెళ్లింది. ఆఖరి తన్నుకు ముందు ఉరుము మైకును పక్క కుర్చీకేసి జరిపాడు. అక్కడ కూర్చున్న భార్య ఆ మాట చెప్పింది. ఉరుము ఊపిరి బిగబట్టాడు. గుండె మాత్రం దడదడలాడుతూనే ఉంది. ఆడనీ, ఇవాళ దానికి ఎవరూ ఫొటో తీయడం లేదు.